ఇంటి వర్క్‌షాపులో డ్రిల్ బిట్లు: ఎంపిక, వాడకం



ఇనుముకు బెజ్జం వేసే డ్రిల్ బిట్ల గురించి ఈవేళ కొన్ని విషయాలు చెప్పుకుందాం. వేలెడంత లేని వస్తువు గురించి ఇంతసేపు చెప్పడానికి ఏముందని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని మన సరిహద్దు జిల్లాల నుంచి మహారాష్ట్రకు పోయి సాంచెల మధ్య బతికేవాళ్ళకూ, అక్కడ కొన్నాళ్ళు పనిచేసి తిరిగి వచ్చి ఇంటి ముందు రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవాళ్ళకూ ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బిట్టు సరైనది కాకపోతే చెడేది ఒక్క బిట్టుతో ఆగదు. పని చెడుతుంది, ఒక్కోసారి చెయ్యి కూడా చెడుతుంది.

ఠాణే జిల్లాలోని భివండి గురించి మీరు వినే ఉంటారు. మీ చుట్టాల్లో ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి పద్మశాలీలు తరాల కిందటే అక్కడికి చేరారు. పద్మానగర్, కామత్‌ఘర్ వీధుల్లో నడిస్తే మన ఊళ్ళోనే ఉన్నామా అనిపిస్తుంది. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లుల్లో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మె కట్టారు. ఆ మిల్లులు మళ్ళీ మునుపటిలా కోలుకోలేదు. అక్కడ ఆగిన నేత చాలా భాగం భివండి వంటి మరమగ్గాల ఊళ్ళకు తరలింది. ఇంగ్లండులోని లాంకషైర్ నమూనాలో తయారైన, మిల్లులు వాడి వదిలేసిన పాత బీడు మగ్గాలు కూడా ఎన్నో ఆ ఊళ్ళకు చేరాయి. ఇవాళ షటిల్ లేని కొత్త మగ్గాలు వచ్చాయి, పాత సాంచెలు వందల కొద్దీ తుక్కు కింద తూకానికి పోయాయి. అయినా వాటిలో ఇంకా ఆడుతున్నవి ఉన్నాయి. వాటిని ఆడించే జాబర్లూ ఉన్నారు.

జాబర్ అంటే సాంచెల వైద్యుడు. ఆ వైద్యుడి సంచిలో స్పానర్లు, సుత్తి, ఆకురాయి ఎప్పుడూ ఉంటాయి. బిట్లు మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చినవి ఉంటాయి. ఈ అలవాటు మంచిది కాదని నేను అనేక మందితో అన్నాను, మీతోనూ అంటున్నాను.

ఎందుకంటారా? రాత్రి పాలీలో పికింగ్ షాఫ్టు బ్రాకెట్ దగ్గర అరంగుళం బోల్టు తెగి, సగం ముక్క ఫ్రేములోనే ఉండిపోయిందనుకోండి. సాంచె ఆగిపోయింది. నేసేవాడికి నెల జీతం లేదు, నేసిన గుడ్డకే కూలి. తెల్లవారి లేతు షాపు తెరిచేదాకా కూర్చుంటే ఆ రాత్రి కూలి పోయినట్టే. జాబర్ దగ్గర మంచి బిట్లు నాలుగు, ఒక ట్యాపు ఉంటే గంటా గంటన్నరలో సాంచె మళ్ళీ ఆడుతుంది. చేతికి దొరికిన మొండి బిట్టుతో తొందరపడితే బిట్టు పక్కకు జారి బోల్టును వదిలి బీడును తినేస్తుంది. బీడు ఫ్రేముకు బెజ్జం వంకర పోయిందంటే దాన్ని సరిచేయడం చాలా కష్టం. అతుకు పెట్టినా ఆ అదురుకు నిలవదు. అప్పుడు పోయేది ఒక రాత్రి కూలి కాదు, మొత్తం ఫ్రేము.

ఇక అసలు విషయానికి వద్దాం.

మెలి తిరిగిన గాడులున్న ఈ బిట్టును ట్విస్ట్ డ్రిల్ అంటారు. అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అనే ఆయన 1863లో దీనికి పేటెంటు పొందాడు. అంతకు ముందు బల్లెపు మొనలాంటి చదును బర్మాలతోనే ఇనుమును తొలిచేవారు. అవి తీసిన రజను బెజ్జంలోనే చిక్కుకుపోయేది. మాటిమాటికీ బర్మా బయటికి లాగి దులపవలసి వచ్చేది. మెలి గాడి వచ్చాక రజను తనంతట తానే పైకి ఎక్కి వస్తోంది. బిట్టు మొనను దగ్గరగా పట్టుకుని చూడండి. రెండు కోసే అంచులు కనిపిస్తాయి, మధ్యలో ఆ రెండింటినీ కలుపుతూ ఒక చిన్న అడ్డగీత కనిపిస్తుంది. కోసేవి ఆ రెండు అంచులే. మధ్యనున్న అడ్డగీత కోయదు, ఇనుమును నూరుతూ పక్కకు తోస్తుంది. మనం చేత్తో పెట్టే బలంలో పెద్ద భాగం ఈ గీతకే ఖర్చవుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ముందు సన్న బెజ్జం ఎందుకు వేయాలో ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తుంది. సన్న బెజ్జం ఆ అడ్డగీత చేసే పనిని తీసేస్తుంది. కాబట్టి ఆ సన్న బెజ్జం అడ్డగీత పొడవుకన్నా కాస్త ఎక్కువ ఉంటే చాలు. 10 మిల్లీమీటర్ల బెజ్జానికి ముందు 2.5 లేక 3 మిల్లీమీటర్లు సరిపోతుంది. కొందరు 3, 5, 7, 9 అంటూ మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోతారు. అలా చేస్తే పెద్ద బిట్టు అంచుల చివరి మూలలు మాత్రమే ఇనుమును తాకుతాయి. ఒక్కసారిగా పట్టేసి ఆ మూలలు చిట్లుతాయి.

బిట్లు చేసే లోహం సంగతి చూద్దాం. మామూలు కార్బన్ ఉక్కుతో చేసినవి చవక. చెక్కకు బాగానే పనిచేస్తాయి. ఇనుము మీద వేడెక్కి మొన నీలం రంగుకు తిరిగితే వాటి పదును అంతటితో పోయినట్టే. ఎంత సాన పట్టినా ఆ నీలం ఉన్నంత మేర మెత్తబడే ఉంటుంది. హైస్పీడ్ స్టీలు, మనవాళ్ళు హెచ్‌.ఎస్‌.ఎస్‌. అంటారు, దాని సంగతి వేరు. అమెరికాలో టేలర్, వైట్ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతిలో తయారైన ఈ ఉక్కును 1900 సంవత్సరం పారిస్ ప్రదర్శనలో చూపించారు. ఉలి మొన వేడికి ఎర్రబడినా ఇనుమును కోస్తూనే ఉంటే చూసినవాళ్ళు నోరు తెరిచారట. టంగ్‌స్టన్, క్రోమియం, వెనేడియం వంటి లోహాలు కలిపి చేసే ఈ ఉక్కు ఆరువందల డిగ్రీల దరిదాపుల వరకూ గట్టిదనం కోల్పోదు. ఇంటి వర్క్‌షాపుకు ఇదే తగినది. దీనికి 5 లేక 8 శాతం కోబాల్టు కలిపినవి ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు పని తరచూ తగిలేవాళ్ళు వాటిని రెండు మూడు సైజుల్లో కొనుక్కుంటే చాలు. అవి గట్టివే గాని పెళుసు. చేతి డ్రిల్లు కాస్త వంగితే విరుగుతాయి.

బంగారు రంగు పూత ఉన్న బిట్లు ఈమధ్య ప్రతి దుకాణంలోనూ కనిపిస్తున్నాయి. అది టైటేనియం నైట్రైడు అనే పూత. మంచి హెచ్‌.ఎస్‌.ఎస్‌. మీద వేస్తే మేలే, రాపిడి తగ్గుతుంది. కాని రంగు చూసి కొనకండి. నాసి ఉక్కు మీద బంగారు రంగు పూసి డబ్బాలో పదమూడు బిట్లు పేర్చి సగం ధరకు అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. నా మాట వినేటట్టయితే, ఆ డబ్బాకు పెట్టే డబ్బుతో పేరున్న కంపెనీవి నాలుగు బిట్లు కొనండి. ఇక్కడ కంపెనీల పేర్లు చెప్పడం పద్ధతి కాదు. మన దేశంలోనే మంచి బిట్లు చేసేవాళ్ళు దశాబ్దాలుగా ఉన్నారు. ముంబయిలో మస్జిద్ బందర్ దగ్గరి నాగ్‌దేవి వీధిలోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా అడిగితే పాత దుకాణదార్లు చెబుతారు. తుక్కు బజారులో దొరికే పాత మిల్లు బిట్లు కూడా తీసిపారేయకండి. మొన అరిగి ఉంటుంది గాని ఉక్కు మంచిది. సాన పట్టుకుంటే ఏళ్ళ తరబడి పనిచేస్తాయి.

అది మంచి ఉక్కేనా అని తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. బిట్టు కాడ చివరను సానరాయికి కాస్త తగిలించండి. మామూలు కార్బన్ ఉక్కయితే తెల్లటి రవ్వలు కాకరపువ్వొత్తిలా చిట్లుతూ ఎగురుతాయి. హైస్పీడ్ స్టీలయితే రవ్వలు తక్కువగా, మసక ఎరుపు రంగులో, పెద్దగా చిట్లకుండా జారిపోతాయి. రెండు మూడు తెలిసిన బిట్లతో పోల్చి చూసుకుంటే కంటికి అలవాటవుతుంది. కొన్ని బిట్ల కాడ వేరే ఉక్కుతో అతికి ఉంటుంది. పెద్ద సైజుల్లో ఇది మామూలే, అలాంటప్పుడు మొన వైపు చూడాలి.

ఇంకొక మాట. గోడకు మేకులు దించడానికి వాడే బిట్టు చివర చిన్న బిళ్ళ అతికి ఉంటుంది. అది కార్బైడు. గోడను కొట్టి పొడి చేయడానికి పుట్టింది గాని ఇనుమును కోయడానికి పుట్టలేదు. కొత్తగా చేతి డ్రిల్లు కొన్నవాళ్ళు ఎక్కువగా దీనితోనే మొదలుపెట్టి, ఇనుము గట్టిగా ఉంది, మిషను బాగాలేదు అంటుంటారు. అలాగే ఇనుము మీద పనిచేసేటప్పుడు డ్రిల్లు మీద సుత్తి బొమ్మ ఉన్న మీటను ఆపివేసి ఉంచాలి.

సైజుల దగ్గరికి వస్తే మన బజారులో రెండు లెక్కలు కలిసిపోయి ఉన్నాయి. బిట్లు మిల్లీమీటర్లలో అమ్ముతారు. బోల్టులు సూతుల్లో అడుగుతాం. అంగుళానికి 8 సూతులు. అంటే రెండు సూతుల బోల్టు పావు అంగుళం, మూడు సూతులది 3/8 అంగుళం, నాలుగు సూతులది అర అంగుళం. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. పాత సాంచెలకు ఉన్నవి ఎక్కువగా ఇంగ్లీషు వాళ్ళ విట్‌వర్త్ మరలు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో పెట్టిన లెక్క అది. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లు. అమెరికా లెక్కలో అదే అర అంగుళానికి 13 చుట్లు. మెట్రిక్ 12 నంబరు బోల్టు అసలు సన్నం, దాని చుట్టు దూరం 1.75 మిల్లీమీటర్లు. చూడటానికి మూడూ ఒకలాగే ఉంటాయి. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెడితే రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. బిగుసుకుంది కదా అని పొడుగు స్పానరు వేసి తిప్పితే బోల్టయినా తెగుతుంది, లోపలి మరయినా చెడుతుంది. చేతికి తేలికగా ఎక్కని బోల్టును అక్కడే ఆపి, మర లెక్క చూసుకోవాలి.

కొత్తగా మర కోయాలంటే ముందు ఏ సైజు బిట్టు వేయాలో చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. విట్‌వర్త్ లెక్కలో రెండు సూతులకు 5.1 మిల్లీమీటర్లు, రెండున్నర సూతులకు 6.5, మూడు సూతులకు 7.9 లేక 8, నాలుగు సూతులకు 10.5. మెట్రిక్‌లో అయితే 6 నంబరుకు 5, 8 నంబరుకు 6.8, 10 నంబరుకు 8.5, 12 నంబరుకు 10.2. దీన్నిబట్టి మీ పనికి ఏ బిట్లు కావాలో మీకే తెలుస్తుంది. డబ్బా మొత్తం కొనే బదులు 3 మిల్లీమీటర్ల బిట్లు మూడు కొనండి, అవే ఎక్కువ విరుగుతాయి. ఆపైన 5, 6.5, 8, 10.5 చాలామందికి సరిపోతాయి. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాళ్ళు 6.8, 8.5 కూడా కలుపుకోండి. 10.5 కొనేముందు మీ చేతి డ్రిల్లు నోరు ఎంత తెరుచుకుంటుందో చూసుకోండి. 10 మిల్లీమీటర్ల నోటికి అది పట్టదు.

కాడ మీద అంకె చెరిగిపోతే వెర్నియర్‌తో కొలవండి. మొన దగ్గరే కొలవాలి. బిట్టు వెనక్కి పోయేకొద్దీ వెంట్రుకవాసి సన్నబడుతుంది.

ఇప్పుడు వేగం. బిట్లు కాలిపోవడానికి అసలు కారణం ఇక్కడ ఉంది. సన్న బిట్టు వేగంగా, లావు బిట్టు నిదానంగా తిరగాలి. ఎందుకంటే లావు బిట్టు అంచు ఒక్క చుట్టులో ఎక్కువ దూరం ప్రయాణం చేస్తుంది. హెచ్‌.ఎస్‌.ఎస్‌. బిట్టు అంచు మెత్తని ఇనుములో నిమిషానికి 25 మీటర్ల వరకు ప్రయాణం చేస్తే దానికి ఇబ్బంది లేదు. దీనికి చిన్న లెక్క: 8000ను బిట్టు సైజుతో భాగించండి. 10 మిల్లీమీటర్లకు నిమిషానికి 800 చుట్లు, 5 మిల్లీమీటర్లకు 1600. బీడుకు 8000 బదులు 6000 పెట్టుకోండి. స్టెయిన్‌లెస్‌కు 3000 చాలు. ఇత్తడికి 15000 పెట్టవచ్చు.

జాబర్లకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. మోటారు పుల్లీ మార్చి సాంచె పిక్కులు పెంచడం, తగ్గించడం వాళ్ళకు తెలుసు. బల్ల డ్రిల్లుకూ అదే సూత్రం. మోటారు 1440 చుట్లు తిరుగుతోంది, దాని పుల్లీ 2 అంగుళాలు, పైనున్న పుల్లీ 4 అంగుళాలు అనుకుంటే బిట్టు 720 చుట్లు తిరుగుతుంది. 10 మిల్లీమీటర్ల బిట్టుకు అది బాగానే సరిపోతుంది. మామూలు 10 మిల్లీమీటర్ల చేతి డ్రిల్లు పూర్తిగా నొక్కితే నిమిషానికి రెండు వేలకు పైగా తిరుగుతుంది. దానితో 8, 10 మిల్లీమీటర్ల బిట్టును ఇనుములో పూర్తి వేగంతో తిప్పారంటే నిమిషంలో మొన నల్లబడుతుంది. మీట సగం నొక్కితే వేగం తగ్గే రకం కొనుక్కోండి, ధరలో పెద్ద తేడా లేదు.

వేగం తగ్గించి, నొక్కుడు పెంచాలి. ఇక్కడ చాలామంది తలకిందులుగా చేస్తారు. వేగంగా తిప్పుతూ మెల్లగా ఆనిస్తారు. అప్పుడు బిట్టు కోయదు, రుద్దుతుంది. కీచుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినిపిస్తే ఆపండి, అయితే బిట్టు మొండిదైనా అయి ఉండాలి, మీరు నొక్కక అయినా ఉండాలి. సరిగా కోస్తున్నప్పుడు మెత్తని ఇనుములో రెండు గాడుల నుంచీ రెండు చుట్టలు జంటగా పైకి వస్తాయి. ఒక్క గాడి నుంచే వస్తోందంటే సానలో తేడా ఉంది, ఒక అంచు పెద్దదయింది. ఆ బిట్టు వేసిన బెజ్జం తన సైజుకన్నా పెద్దది పడుతుంది.

బీడు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బీడులో చుట్టలు రావు, నల్లటి పొడి రాలుతుంది. బీడులో ఉన్న గ్రాఫైటే నూనెలా పనిచేస్తుంది. అందుకని బీడుకు నూనె పోయవద్దు. పోస్తే పొడి, నూనె కలిసి ముద్దయి గాడుల్లో ఇరుక్కుంటుంది, ఆ ముద్దే సాన పిండిలా అంచును తినేస్తుంది. పొడిగానే వేయండి, మధ్యమధ్య బిట్టు బయటికి తీసి కుంచెతో దులపండి. నోటితో ఊదకండి, ఆ పొడి నేరుగా కళ్ళలోకి వస్తుంది. పాత బీడు పైపొర గట్టిగా ఉంటుంది, దాన్ని దాటేవరకు నిదానంగా పోనివ్వండి.

మెత్తని ఇనుముకు మాత్రం నూనె కావాలి. తెల్లగా పాలలా కలుపుకునే సోలబుల్ ఆయిల్ మంచిది. చేతిలో లేకపోతే సాంచెకు వేసే నూనె, అదీ లేకపోతే కొబ్బరినూనె కూడా పనికి వస్తుంది. అల్యూమినియానికి కిరోసిన్ చుక్కలు వేస్తే రజను అంటుకోదు. స్టెయిన్‌లెస్‌కు ఒక మొండి గుణం ఉంది. రుద్దితే రుద్దిన చోట ఇంకా గట్టిపడుతుంది. అందుకని అక్కడ మొదటి నుంచీ గట్టిగా, ఆగకుండా నొక్కుతూ నూనె వేస్తూ పోవాలి. మధ్యలో సందేహపడి నిలిపితే అక్కడ గాజు బిళ్ళలాంటి పొర తయారవుతుంది. ఇత్తడి, గన్‌మెటల్ బుష్షుల్లో దీనికి విరుద్ధం. బిట్టు తనంతట తానే స్క్రూలాగా లోపలికి దూసుకుపోతుంది. కోసే అంచు పదునును చిన్న ఆకురాయి పలుకుతో వెంట్రుకంత చదును చేస్తే ఆ దూకుడు తగ్గుతుంది. ఇత్తడికని రెండు పాత బిట్లు వేరే ఉంచుకోండి.

ఇందాక చెప్పుకున్న తెగిన బోల్టు దగ్గరికి మళ్ళీ వెళదాం. మొదట మెయిన్ స్విచ్చి ఆపండి. పడుగు మీద మందపాటి గుడ్డ కప్పండి. ఇనుప రజను పోగుల్లో పడితే గుడ్డ మీద మరకవుతుంది, ఆ నష్టం నేసేవాడి కూలిలోంచే కోస్తారు. తెగిన ముక్క బయటికి పొడుచుకుని ఉంటే ముందు పట్టుకారుతో, పైపు రెంచితో ప్రయత్నించండి. లోపల ఉండిపోతే కిరోసిన్ కాని చొచ్చుకుపోయే నూనె కాని వేసి కాసేపు నాననివ్వండి. బీడును గ్యాసు మంటతో ఒకచోటే కాల్చకండి, పగులు పడుతుంది.

తెగిన ముఖం ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే ఉంటుంది. చిన్న ఉలితో, ఆకురాయి మూలతో దాన్ని చదును చేయడానికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. తర్వాత సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్ గుర్తు కొట్టాలి. మొదట తేలికగా కొట్టి, పైనుంచి, పక్కనుంచి చూసి, మధ్యకు వచ్చిందనుకున్నాకే గట్టిగా కొట్టండి. ఈ పనిలో అసలు నేర్పంతా ఈ రెండు దెబ్బల్లోనే ఉందని నా అభిప్రాయం. 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టండి. డ్రిల్లు నిటారుగా ఉందో లేదో మీకు ఒకవైపే తెలుస్తుంది, రెండోవైపు చూసి చెప్పడానికి ఒక మనిషిని నిలబెట్టుకోండి. తర్వాత 6.5 వేయండి. ఈ దశలోనే మధ్య తప్పినట్టు కనిపిస్తే, బిట్టు పూర్తి వెడల్పు లోపలికి దిగకముందే, ఎటు జరగాలో అటువైపు సన్న ఉలితో చిన్న గాడి చెక్కితే బిట్టు అటు ఒరుగుతుంది. పూర్తిగా దిగాక ఇక మార్చలేం.

ఎడమవైపు తిరిగే బిట్లు దొరికితే ఈ పనికి అవి బంగారం. డ్రిల్లును వెనక్కి తిప్పుతూ బెజ్జం వేస్తుంటే కొన్నిసార్లు ముక్క తనంతట తానే వదులై బయటికి వస్తుంది. లేకపోతే ఎక్స్‌ట్రాక్టర్ వాడాలి. అది ఎడమ మెలి ఉన్న గట్టి ఉక్కు కడ్డీ. బెజ్జంలో కొట్టి ఎడమకు తిప్పితే ముక్కను పట్టి లాగుతుంది. కాని దానితో బలప్రయోగం పనికిరాదు. అది లోపల విరిగితే మీ దగ్గరున్న ఏ హెచ్‌.ఎస్‌.ఎస్‌. బిట్టూ దాన్ని కోయలేదు. కాస్త తిప్పి రాకపోతే వదిలేసి, 10.5 బిట్టు వేసి, అర అంగుళం విట్‌వర్త్ ట్యాపు దించండి. పాత మరల్లో మిగిలిన ఇనుప తీగ చుట్టలా ఊడి వస్తుంది. ట్యాపును అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి తిప్పుతూ దించాలి. మొదటి బెజ్జం మధ్యన పడి ఉంటేనే ఈ చివరి పని సాగుతుంది.

బిట్లకు సాన పట్టడం గురించి. కొత్త బిట్టు మొనకు మామూలుగా 118 డిగ్రీల కోణం ఉంటుంది. అంటే ఒక్కొక్క అంచు నడిమి గీతకు 59 డిగ్రీలు. కోణమానిని లేదని బాధపడనక్కరలేదు. ఒకే సైజు ఆరు పలకల నట్లు రెండు తీసుకుని పలకకు పలక ఆనించి పెడితే, వాటి మధ్య పైన ఏర్పడే లోయ సరిగ్గా 120 డిగ్రీలు. మొన అందులో ఇమిడితే చాలు. అంచులు రెండూ ఒకే పొడవు ఉండాలి, అంచు వెనక భాగం అంచుకన్నా కిందికి పోవాలి. వెనక భాగం ఎత్తుగా ఉంటే అంచు ఇనుమును తాకదు, ఎంత నొక్కినా రుద్దుతుందే గాని దిగదు. వెనక మరీ ఎక్కువ తీసేస్తే అంచుకు ఆధారం లేక చిట్లుతుంది. 10, 12 డిగ్రీల వాలు చాలు. హెచ్‌.ఎస్‌.ఎస్‌. బిట్టును సాన మీద ఎర్రగా కాలనిచ్చి వెంటనే నీళ్ళలో ముంచితే కంటికి కనబడని పగుళ్ళు పడతాయి. వేడెక్కకముందే తీసి గాలికి ఆరనివ్వండి. మొదట పెద్ద పాత బిట్ల మీద చెయ్యి కుదుర్చుకుని తర్వాత చిన్నవాటి జోలికి వెళ్ళండి. 3 మిల్లీమీటర్ల లోపు బిట్టుకు సాన పట్టే శ్రమ కన్నా కొత్తది కొనడం మేలు.

సాన మిషనును సాంచెల షెడ్డులో మాత్రం పెట్టకండి. దూది పింజలు ఎక్కడ చూసినా పేరుకుని ఉంటాయి, ఒక్క రవ్వ చాలు. గోడ అవతల, బయట పెట్టండి. పక్కన ఇసుక బకెట్టు ఉంచండి.

జాగ్రత్తల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. డ్రిల్లు దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. వేలికి రక్షణ అనుకుంటారు గాని, తిరిగే బిట్టు తొడుగు అంచును పట్టిందంటే వేలిని వదలదు. మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, వేలాడే లుంగీ కొస, ఆడవాళ్ళయితే చీర కొంగు, విరబోసిన జడ, ఇవన్నీ ముందే సర్దుకోవాలి. కండెలు చుడుతున్న ఆడవాళ్ళను కాసేపు డ్రిల్లు పట్టుకొమ్మని పిలవడం ఇళ్ళలో మామూలే, వాళ్ళకు ఈ మాట ముందు చెప్పండి. కళ్ళద్దాలు తప్పనిసరి. కంట్లో పడిన ఇనుప రజనును ఇంట్లో అగ్గిపుల్లతో, గుడ్డ కొసతో తీయబోకండి. నలపకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

బెజ్జం వేసే ముక్కను చేత్తో పట్టుకోవడం ఇంకొక ప్రమాదం. చిన్న పట్టీయే కదా అని పట్టుకుంటారు. బిట్టు అవతలికి తేలే క్షణంలో ఇనుమును పట్టేసి, ఆ పట్టీ కత్తిలా గిర్రున తిరుగుతుంది. వైసులోనో, రెండు బోల్టులతో బల్లకో బిగించండి. అవతలికి తేలబోతున్నదని చేతికి తెలియగానే నొక్కుడు తగ్గించండి. ఎప్పుడైనా పట్టు తప్పి ముక్క తిరగడం మొదలుపెడితే దాన్ని పట్టుకోబోకండి. వెనక్కి జరిగి స్విచ్చి ఆపండి. పల్చటి రేకయితే రెండు చెక్కల మధ్య పెట్టి బిగించి వేయండి, లేకపోతే బెజ్జం గుండ్రంగా రాక మూడు మూలలుగా పడుతుంది. చక్ తాళంచెవిని చక్‌లో వదిలేసి స్విచ్చి వేయడం వల్ల తగిలిన దెబ్బలు తక్కువేమీ కావు. దాన్ని ఒక దారంతో కరెంటు వైరుకే, ప్లగ్గు దగ్గర కట్టండి. ప్లగ్గు ఊడదీస్తేనే తాళంచెవి చక్‌ దాకా అందుతుంది.

పని అయ్యాక బిట్లను డబ్బాలో కలిపి పోయకండి. ఒకదానికొకటి తగిలి అంచులు చిట్లుతాయి. అరిగిపోయి పక్కన పడేసిన పికింగ్ స్టిక్కు ఒకటి తీసుకోండి, గట్టి కర్ర అది. ఏ బిట్టుతో ఆ బిట్టుకు దానిలో ఒక్కొక్క బెజ్జం వేసి, నిలబెట్టి, కింద సైజు రాయండి. ఆ సైజు పక్కనే అది ఎన్ని సూతుల మరకు పనికొస్తుందో కూడా రాయండి. నూనె గుడ్డతో ఒకసారి తుడిచి పెడితే వానాకాలంలో కూడా తుప్పు పట్టవు. భివండిలో వాన ఎలా కురుస్తుందో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు.